కూర ఉడికిన నీళ్ళు

శ్రోతలకు నమస్కారం.

కిందటి నెల ఒకరోజు పొద్దున్నే నేనూ, మా పక్కింటావిడా పటమట రైతుబజారు నుంచి తోటకూర కట్టలు తెచ్చుకున్నాం. ఆవిడ వంటింట్లో నిలబడి మాట్లాడుకుంటుండగానే కూర ఉడికింది. గిన్నెకు మూత అడ్డం పెట్టి, ఆ పచ్చటి నీళ్ళన్నీ సింకులో ఒంపేశారు. “అయ్యో, ఎందుకండీ?” అన్నాను. “పసరు వాసన పోవద్దూ!” అన్నారు.

అంతకు నిమిషం ముందే వాళ్ళబ్బాయి రక్తపరీక్ష గురించి బెంగపడ్డారావిడ. 32 ఏళ్ళకే షుగరు హద్దు దాకా వచ్చింది. “వాళ్ళ తాతగారికి షుగరు, నాన్నగారికి షుగరు. వంశంలో ఉన్నది ఎక్కడికి పోతుందండీ!”

ఈ మాట విజయవాడలో ఏ వీధిలోనైనా వినిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు. కానీ అదే మొత్తం నిజం కాదు.

మన ఒంట్లో ఒక్కో కణంలో సుమారు 2 మీటర్ల డీఎన్ఏ ఉంటుంది. మన జన్యువులన్నీ ఉండే దారం అది. కంటికి ఆనని చోట అంత పొడవు ఎలా పట్టిందంటే, మంగళగిరి మగ్గాల దగ్గర కండెలకు నూలు చుట్టినట్టు, హిస్టోన్లనే ప్రోటీన్లకు అది చుట్టుకుని ఉంటుంది. బిగుతుగా చుట్టిన చోట ఉన్న జన్యువును కణం చదవలేదు. వదులైన చోట చదువుతుంది. ఇది కాక, ఆ దారం మీద అక్కడక్కడ మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులుంటాయి. చాలాచోట్ల ఆ గుర్తు పడితే ఆ జన్యువు పని ఆగుతుంది. తాతగారి నుంచి వచ్చిన దారం అదే దారం. బిగువూ, గుర్తులూ మాత్రం మారుతుంటాయి, వాటిని మార్చేవాటిలో మన తిండి ఒకటి.

2012లో డెన్మార్క్ పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్న యువకులకు 5 రోజులపాటు కొవ్వు బాగా దట్టించిన తిండి, అవసరానికి మించి పెట్టారు. సంక్రాంతికి ఇంటికొచ్చిన పిల్లలకు మనం పెట్టినట్టే అనుకోండి. తొడ కండరంలో చూస్తే 6 వేలకు పైగా జన్యువుల దగ్గర ఆ గుర్తులు మారాయి. మామూలు తిండికి వచ్చి 6 నుంచి 8 వారాలైనా అవి పూర్తిగా పాత స్థితికి రాలేదు. ఒక్కొక్క మార్పూ చిన్నదే. అయినా 5 రోజులకే అంత కదలిక అంటే, ఏళ్ళ తరబడి తినే తిండి మాటేమిటని నాకు అనిపిస్తుంది.

ఆ మిథైల్ గుర్తుకు కావలసిన సరుకు కూడా తిండిలోంచే రావాలి. అందులో ఫోలేట్ అనే బి విటమిన్ ముఖ్యమైనది. దాని రూపమే అయిన ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. తోటకూర, పాలకూర, పెసలు, శనగల్లో ఫోలేట్ బాగా ఉంటుంది. అది నీళ్ళలో కరుగుతుంది. ఆ రోజు సింకులోకి పోయినదాంట్లో అదీ ఉంది. ఫోలేట్‌కు బి12 అనే ఇంకో విటమిన్ తోడు కావాలి. అది ఆకుకూరల్లో దొరకదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే దొరుకుతుంది. శాకాహారులు బరువు తగ్గాలని పెరుగు మానేస్తుంటే నాకు భయం వేస్తుంది.

ఇక పీచు. తవుడంతా పోయేలా తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో పీచు పెద్దగా మిగలదు. చిక్కుడుకాయలు, పప్పులు, దంపుడు బియ్యంలోని పీచు మన పెద్దపేగుల్లోని బాక్టీరియాకు ఆహారం. అవి దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థం తయారుచేస్తాయి. ఇందాక కండె అన్నాను కదా, ఆ చుట్టను బిగించే ఎంజైముకు ఈ బ్యూటిరేట్ అడ్డుపడుతుంది. పేగు గోడ కణాలు శక్తి కోసం వాడుకునేదీ దీన్నే. చద్దన్నం కూడా కొంత ఈ దారిలోనే పనిచేస్తుంది. వండిన అన్నం చల్లారితే అందులోని పిండిపదార్థం కొంత అరగని రూపానికి మారి బాక్టీరియా దాకా చేరుతుంది. అలాగని కంచం నిండా తినమని కాదు, కూరలు పెరిగి అన్నం తగ్గాలి.

తోటకూర తింటే షుగరు పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. మందులు వాడేవాళ్ళు డాక్టరుగారిని అడక్కుండా ఏదీ మానొద్దు. ఆ అబ్బాయి ఇప్పుడు పొద్దున్న నడుస్తున్నాడు, రాత్రి అన్నం సగానికి తగ్గించాడు.

మొన్న ఆదివారం వాళ్ళమ్మగారు తోటకూర పప్పు గిన్నె పంపించారు. ఆకు ఉడికిన నీళ్ళు పప్పులోనే పోశారట. “పసరు వాసన రాలేదండీ, చింతపండు రవ్వంత ఎక్కువేశాను” అన్నారు.