బంజరు అని రాసుకున్న నేల

అందరికీ నమస్కారం.

బస్సు దిగి కాలేజీలోకి నడిచి వస్తుంటే ప్రహరీ వెంబడి కంపచెట్లు కనిపించాయి. ఆ చెట్టు పేరు అడిగితే మీలో కొందరు సర్కారు తుమ్మ అంటారు, కొందరు సీమ తుమ్మ అంటారు, మరికొందరు ఉత్త కంప అని ఊరుకుంటారు. చెప్పులోంచి దిగిన దాని ముల్లును చిన్నప్పుడు పిన్నీసుతో తీయించుకోని వాళ్ళు ఈ హాల్లో తక్కువే ఉంటారు. ఇంత బాగా తెలిసిన చెట్టు గురించి మాట్లాడటానికి ఇంత దూరం రావాలా అని మీకు అనిపించవచ్చు. అది మన కడప జిల్లాకు ఎలా వచ్చిందో చెబితే ఎందుకు వచ్చానో మీకే అర్థమవుతుంది.

పేరులోనే ఉంది చూడండి. సర్కారు వేయించింది కాబట్టి సర్కారు తుమ్మ. దీని సొంత నేల మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు. 1877లో జమైకా నుంచి తెచ్చిన విత్తనాలను మన కమలాపురంలో నాటారు. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖ అధికారి బెడ్డోమ్ వాటిని అడిగి తెప్పించాడు. అవి ధాత కరువు రోజులు. సీమ పల్లెలు ఖాళీ అయిపోయిన కాలం. వాన లేకున్నా బతికే చెట్టు, నరికితే మళ్ళీ చిగురించే చెట్టు, పొయ్యిలోకి కట్టె ఇచ్చే చెట్టు అలాంటప్పుడు కావాలనుకున్నారంటే నేను తప్పు పట్టను. నాకు బాధ కలిగించేది ఇంకొకటి. పెద్ద చెట్లు లేని మెట్టనేల కనిపిస్తే చాలు, దాన్ని బంజరు అని రాసుకోవడం అప్పటి దొరల అలవాటు. బంజరు అంటే ఏమీ లేని చోటు కదా, అక్కడ ఏది నాటితే మాత్రం ఏం పోతుంది? ఆ ఆలోచన వాళ్ళతో పోలేదు. మన కాగితాల్లో, మన నోళ్ళలో ఇంకా ఉంది.

మరి అక్కడ నిజంగా ఏమీ లేదా? ఇదే కడప జిల్లా నుంచి జవాబు చెబుతాను.

1848 ప్రాంతంలో జెర్డాన్ అనే దొర ఒక పక్షిని కనుగొన్నాడు. పొడవు 27 సెంటీమీటర్లు, సన్నటి పొడుగు కాళ్ళు, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనిపించి ఆ తర్వాత మాయమైంది. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ ఈ ప్రాంతంలో వెతుకుతున్నప్పుడు, రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. అదే కలివికోడి. దాదాపు 86 ఏళ్ళు శాస్త్రవేత్తలకు దొరకని పక్షి, ఆ పొదల్లో రాత్రిళ్ళు తిరిగే మనిషి చేతికి దొరికింది. దాని కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

రాత్రిపూట తప్ప తిరగని, మనిషి అలికిడికే దాక్కునే పక్షిని లెక్కపెట్టడం ఎలా? 2000 తర్వాత పి. జగనాథన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు చేసిన పని చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. పొదల మధ్య మెత్తటి మట్టిని సన్నటి పట్టీలుగా పరిచారు. పొద్దున్నే వెళ్ళి ఆ మట్టి మీద పడిన అడుగులు చూసేవారు. కలివికోడికి ముందు వైపు మూడు వేళ్ళే, వెనక వేలు ఉండదు. ఆ అడుగును కొలిచి, అక్కడ తిరిగే మిగతా పిట్టల అడుగుల నుంచి వేరు చేశారు. వలా తుపాకీ లేకుండా, ఆ మట్టితోనే పక్షి ఎక్కడ తిరుగుతుందో పట్టేశారు.

ఆ పరిశోధనలో తేలిన ఒక సంగతి మీరు తప్పక గుర్తుంచుకోవాలి. ఈ పక్షికి దట్టమైన అడవి వద్దు, బోడి నేలా వద్దు. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలు, వాటి మధ్య పరుగెత్తడానికి ఖాళీ నేల ఉండాలి. అంటే మేకలు కొంత మేసి, ఊరివాళ్ళు కొంత కట్టె కొట్టుకుని, మరీ చిక్కబడకుండా ఉన్న పొదల నేల. మనం బంజరు అనుకున్నది అచ్చంగా దాని ఇల్లు! మేకల కాపరి ఆ ఇంటికి శత్రువు కాదు. మితంగా మేపితే ఒకరకంగా కాపలాదారు.

కలివికోడిని దెబ్బతీసింది సర్కారు తుమ్మే అని నేను అనడం లేదు. పొదలు కొట్టి పొలాలు, తోటలు వేయడం దాన్ని ఎక్కువ దెబ్బతీసింది. ఈ పక్షి ఉన్నందుకే తెలుగుగంగ కాలువ దారిని మార్చవలసి వచ్చింది. కానీ తుమ్మ నాటిన ఆలోచనా, పొదలను పనికిరానివిగా చూసే ఆలోచనా ఒక్కటే.

ఇక తుమ్మ ఇంతగా ఎలా పాకిందో చెబుతాను. తొలకరి పడిన పది రోజులకు చెరువు కట్ట మీదికి వెళ్ళి, ఎండిన పేడకడి ఒకటి వెతికి వంగి చూడండి. పోయిన ఏడు నేను చూసినదాంట్లో, పెంకులా గట్టిపడిన పేడను చీల్చుకుని సర్కారు తుమ్మ మొలకలు గుంపుగా లేచాయి. లెక్కపెట్టబోతే రెండు చేతుల వేళ్ళూ చాలలేదు. ఒకటి మెల్లగా లాగి చూశాను. పైన బెత్తెడు కూడా లేదు, కింద వేరు దానికి రెండింతలు దిగింది. దాని కాయ తియ్యగా ఉంటుంది కదా, పశువులు ఇష్టంగా తింటాయి. గింజ మీది గట్టి పొర వల్ల అది అరగదు. అరగకపోగా, కడుపులో నాని మొలవడానికి సిద్ధమై, ఎరువుతో సహా కొత్త చోట పడుతుంది. ఆకు మాత్రం పశువుకు సయించదు. మేక చుట్టూ ఉన్న రేగునీ బలుసునీ కొరుక్కుతిని దీన్ని వదిలేస్తుంది. ఏటా ఇదే జరిగితే చివరికి ఏది మిగులుతుందో ఊహించుకోండి. పైగా రాలిన ఆకులు కుళ్ళి, కింద గడ్డి గింజలను సరిగా మొలవనివ్వవు.

పశువులే కాదు, గుజరాత్‌లోని వేళావదర్‌లో, తమిళనాడు కోడియక్కరైలో కృష్ణజింకలు కూడా ఈ కాయలు తిని గింజలు మోస్తున్నాయని పరిశోధనల్లో తేలింది. ఎండాకాలం గడ్డి లేనప్పుడు ఆ కాయే జింకకు ఆహారం. తమ పచ్చికను తినేస్తున్న చెట్టును అవే విత్తుతున్నాయి.

దీని దగ్గరి చుట్టం మన దగ్గరే ఉంది, జమ్మి. దసరాకు మొక్కే జమ్మి, తెలంగాణ రాష్ట్ర వృక్షం. రాజస్థాన్ రైతులు జమ్మిని పొలం మధ్యలోనే ఉంచుకుంటారు, దాని నీడలో సజ్జ పండుతుంది. సర్కారు తుమ్మ కింద ఏ రైతూ విత్తనం వేయడు. ఒకే వంశం, కానీ ఒకటి ఈ నేలతో వేల ఏళ్ళు కలిసి పెరిగింది, ఇంకొకటి తనను అదుపు చేసే పురుగునూ తెగులునూ వదిలేసి వచ్చింది.

కచ్‌లోని బన్ని గడ్డిభూమిలో ఉప్పు ఎడారిని ఆపడానికి 1960లలో దీన్నే నాటారు. అక్కడివాళ్ళు ఇప్పుడు దాన్ని గాండో బావళ్ అంటారు, అంటే పిచ్చి తుమ్మ.

అయితే రేపే జేసీబీ పెట్టి అంతా పీకేద్దాం అంటే నేను ఒప్పుకోను. ఈ కంప మీద బతికేవాళ్ళు ఉన్నారు. బొగ్గుబట్టీలు పెట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి, గ్యాస్ బండ ధర చూసి ఇంకా కట్టెల పొయ్యే వెలిగించే ఇళ్ళు ఉన్నాయి. ఊరివాళ్ళను పక్కనపెట్టి చేసిన సంరక్షణ ఎలా ఉంటుందో కర్నూలు వైపున్న రోళ్ళపాడు అభయారణ్యం చెబుతుంది. బట్టమేక పిట్ట కోసం గడ్డిభూమిని కాపాడితే కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేలల్లో పడ్డాయి. పంట పోగొట్టుకున్న రైతుకు అభయారణ్యం మీదే కోపం వచ్చింది. అది న్యాయమైన కోపం.

కాబట్టి ముదిరిన కంపను ముందు ఊరి అవసరానికి వదలండి. కొట్టేటప్పుడు మాత్రం నేల మట్టానికి కోసి వదలకూడదు, పిలకలు రెట్టింపు వస్తాయి. మొదలు చుట్టూ తవ్వి, పిలకలు వచ్చే గడ్డతో సహా తీయాలి, తర్వాత రెండు మూడేళ్ళు తిరిగి చూసుకోవాలి. ఖాళీ అయిన చోట మన గడ్డి గింజలు చల్లాలి. హరితహారమో, వనమహోత్సవమో, ఏ పేరుతో అయినా సరే, గడ్డిభూమిలో గుంతలు తీసి మొక్కలు మాత్రం నాటకండి. దయచేసి నాటకండి. అసలు ముందుగా వెళ్ళాల్సింది కంప ఇంకా ఇప్పుడిప్పుడే అడుగుపెడుతున్న అంచులకు. అక్కడ మొక్క జానెడే ఉంటుంది, తడి నేలలో చేత్తో లాగితే వేరుతో సహా వస్తుంది.

మొన్నే వాన పడింది. ఈ ఆదివారం పొద్దున ఆరింటికి నేను మీ కాలేజీ వెనక చెరువు కట్ట మీద ఉంటాను. వచ్చేవాళ్ళు దళసరి చెప్పులు, చేతి తొడుగులు, ఒక నోటుబుక్కు తెచ్చుకోండి. లాగిన ప్రతి మొక్కా ఎక్కడ దొరికిందో, పేడలోనా, గట్టు మీదా, నీటి అంచునా, రాసుకుందాం.