ఒక రోజు వెనక్కి జరిగే తేదీ: ఈఎస్‌లింట్ రూల్‌తో అడ్డుకట్ట

నమస్తే. ముందు ఒక్క లైన్ జావాస్క్రిప్ట్ చూడండి.

(స్క్రీన్ మీద: 2024-03-05 అనే స్ట్రింగ్‌తో న్యూ డేట్)

హైదరాబాద్‌లో రన్ చేస్తే మార్చి 5 వస్తుంది. అదే పేజీని డల్లాస్‌లో ఉన్న మీ అక్క తెరిస్తే మార్చి 4 కనిపిస్తుంది. టైమ్ లేకుండా ఇలా తేదీ ఒక్కటే ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రిగా లెక్కేస్తుంది. అప్పుడు మనకి ఉదయం 5:30, డల్లాస్‌లో ముందురోజు సాయంత్రం 6 గంటలు. మన ల్యాప్‌టాప్‌లో ఎంత టెస్ట్ చేసినా ఈ బగ్ బయటపడదు.

"ఇలా రాయకండి" అని టీమ్ గ్రూప్‌లో మెసేజ్ పెడతాం. తర్వాత చేరినవాళ్లు మళ్లీ అదే రాస్తారు. వాళ్ల తప్పేముంది, వాళ్లకి ఎవరు చెప్పారు? నన్నడిగితే, కోడ్ రివ్యూలో ఒకే మాట మూడోసారి చెప్పాల్సి వచ్చిందంటే దాన్ని లింట్ రూల్ (కోడ్‌ని దానంతటదే తనిఖీ చేసే నియమం) చేసేయాలి.

ప్లగిన్ రాయక్కర్లేదు. జావాస్క్రిప్ట్ కోడ్‌లో తప్పులు పట్టే టూల్ ఈఎస్‌లింట్‌లోనే నో-రెస్ట్రిక్టెడ్-సింటాక్స్ అనే రూల్ ఉంది. ఈఎస్‌లింట్ మన కోడ్‌ని ఏఎస్‌టీ అనే చెట్టుగా మార్చుకుని చూస్తుంది. అందులో ఏ రకం కొమ్మ వద్దో సెలెక్టర్‌తో చెప్తాం. సీఎస్ఎస్ రాసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

(స్క్రీన్ మీద: ఆ చెట్టుని చూపించే ఏఎస్‌టీ ఎక్స్‌ప్లోరర్‌లో అదే న్యూ డేట్ లైన్)

నోడ్ (అంటే కొమ్మ) న్యూఎక్స్‌ప్రెషన్, పిలిచింది డేట్‌ని, ఆర్గ్యుమెంట్ ఒక్కటే. ఈ మూడూ కలిస్తే ఎర్రర్. ఇవే అక్షరాలు కామెంట్‌లో ఉంటే పట్టించుకోదు. గ్రెప్ అనే టెక్స్ట్ సెర్చ్ టూల్‌తో వెతికితే అవి కూడా వచ్చిపడతాయి.

సెలెక్టర్ పక్కనే మెసేజ్ రాయాలి. దయచేసి ఇక్కడ బద్ధకించకండి. "ఇది వాడకూడదు" అని వదిలేస్తే చదివినవాళ్లకి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. "అమెరికాలో తేదీ ఒక రోజు వెనక్కి పోతుంది, మన డేట్ యుటిల్స్‌లోని పార్స్ ఫంక్షన్ వాడండి" అని దారి చూపించండి. ఆ యుటిల్స్ ఫైల్‌కి మాత్రం రూల్ ఆఫ్ చేయండి, లేకపోతే ఆ ఫంక్షన్‌లో కూడా ఒకే ఆర్గ్యుమెంట్‌తో న్యూ డేట్ వాడుకోలేం.

ఒక్క విషయంలో చాలా జాగ్రత్త. ఒకే ఫైల్‌కి వర్తించే రెండు కాన్ఫిగ్ (ఈఎస్‌లింట్ సెట్టింగుల) బ్లాకుల్లో ఈ రూల్ పెడితే, వాటిలోని నిషేధాల జాబితాలు రెండూ కలవవు. కిందది పైదాన్ని పూర్తిగా చెరిపేస్తుంది, హెచ్చరిక కూడా రాదు. టెస్ట్ ఫైల్స్ కోసం ఇంకో నిషేధం చేర్చామనుకోండి, అక్కడ డేట్ నిషేధం మాయమవుతుంది. అందుకే అందరికీ కావాల్సిన జాబితాని ఒక వేరియబుల్‌లో ఉంచి, రెండు చోట్లా స్ప్రెడ్ చేయండి, అంటే మూడు చుక్కలతో ఆ జాబితాని అక్కడ విప్పండి. తర్వాత ప్రింట్-కాన్ఫిగ్ ఆప్షన్‌కి ఏదైనా ఒక టెస్ట్ ఫైల్ పేరు ఇచ్చి ఈఎస్‌లింట్ రన్ చేయండి. రెండు సెలెక్టర్లూ అందులో కనిపించాలి.