ఇటుక బట్టీ పిల్లలకు ఏ బడి, ఏ భాష?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: బడి బయటి పిల్లల సర్వే సమన్వయకర్త, విద్యా హక్కు కేసులు చూసే న్యాయవాది, బహుభాషా బోధనలో ఉపాధ్యాయ శిక్షకురాలు)

వ్యాఖ్యాత: ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తున్నాయి. వెంట వచ్చిన పిల్లలు మన బడుల్లో ఎందుకు నిలవడం లేదు? సార్, మీతో మొదలుపెడదాం.

సమన్వయకర్త: చిక్కంతా క్యాలెండర్‌లో ఉందండీ. మనకు వినాయక చవితి అయిన మర్నాడు వాళ్లకు నువాఖాయి, కొత్త బియ్యం పండుగ. ఆ రోజుల్లోనే సర్దార్లు, అంటే కూలీలను కుదిర్చే మధ్యవర్తులు, అడ్వాన్సులు ఇస్తారు. దీపావళి దాటాక ఊరు ఖాళీ. నవంబర్ నుంచి వానలు పడేదాకా బట్టీలోనే ఉంటారు. పిల్లకు అక్కడ చదువు మధ్యలో తెగుతుంది, ఇక్కడేమో మన పాఠాలు అప్పటికే సగం అయిపోయి ఉంటాయి. నవంబర్ ఆఖరుకు సర్వే ముగిస్తే సెలవులలోపు నాలుగు నెలలకు పైగా దొరుకుతుంది. జనవరిలో మొదలుపెడితే వాళ్ల భాషలో పాఠం చెప్పే వాలంటీర్ దొరికి పుస్తకాలు వచ్చేసరికి ఎండాకాలమే.

వ్యాఖ్యాత: సర్వేలో పిల్లలు ఎలా తప్పిపోతున్నారు?

సమన్వయకర్త: యజమాని ఇచ్చే జాబితాలో పనివాళ్ల పేర్లే ఉంటాయి. దాన్ని నమ్మకూడదు. పొయ్యి వెలిగే సాయంత్రం వేళ గుడిసె గుడిసెకూ వెళ్లి, ఒడియా తెలిసిన మనిషిని వెంట పెట్టుకుని, తల్లిని అడగాలి. ఆరేళ్లలోపు వాళ్లనూ రాసుకోవాలి. చంటిపిల్లను చూసే దిక్కు లేకపోతే పదేళ్ల అక్క బడికి రాదు. అందుకే అంగన్‌వాడీ లేకుండా బట్టీ దగ్గర బడి నడవదంటాను.

వ్యాఖ్యాత: టీసీ లేదు, ఆధార్ లేదు అని వెనక్కి పంపే బడులున్నాయి కదా, లాయర్ గారూ?

న్యాయవాది: పంపడానికి వీల్లేదు. 2009 విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని కాదనకూడదు. 9వ సెక్షన్ అయితే వలస కుటుంబాల పిల్లల్ని చేర్చే బాధ్యతను నేరుగా స్థానిక సంస్థ మీదే పెట్టింది. 4వ సెక్షన్ ప్రకారం పదేళ్ల పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చాలి, వెనకబడినదాన్ని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అది కనీసం మూడు నెలలు, గరిష్ఠంగా రెండేళ్లు అని కేంద్ర నమూనా నియమాలు చెబుతున్నాయి. ఒకటో తరగతిలో కూర్చోబెట్టేసి చేతులు దులుపుకోవడం చట్టం కాదు.

శిక్షకురాలు: అక్కడే నాదొక మాట. వయసుకు తగ్గ తరగతిలో పేరు రాసి, శిక్షణ ఎగ్గొడితే అది ఇంకా అన్యాయం. నాలుగో తరగతి తెలుగు పాఠం ముందు ఆ పిల్ల మూగదైపోతుంది. ముందు ఇరవై నిమిషాలు ఒక్కో బిడ్డతో కూర్చోవాలి. తన పేరు రాయగలదా, ఒడియాలో అక్షరమా, పదమా, పేరానా ఎంతవరకు చదువుతుంది? తర్వాత లెక్కలు, ముందు నోటితో. ఇటుకల వరసలు లెక్కబెట్టే పిల్లకు నోటి లెక్క వచ్చి ఉంటుంది, కాగితం మీదే రాదు. ఇంకో సంగతి, ఒడియా నాలుగు అంకె చూడటానికి మన 8 లాగే ఉంటుంది. తెలియని టీచర్ సరైన జవాబుకు తప్పు పెడతారు.

వ్యాఖ్యాత: బోధన ఒడియాలోనా, తెలుగులోనా?

శిక్షకురాలు: జూన్‌లో తిరిగి వెళ్లే పిల్లకు చదవడం, రాయడం ఒడియాలోనే సాగాలి. తెలుగు మాటల వరకు చాలు. పైగా పుస్తకంలోని ఒడియా కూడా వాళ్ల ఇంటి భాష కాదు, ఇంట్లో సంబల్‌పురి. అమ్మాయిని పుస్తకం ఝిఅ అంటే ఇంట్లో టుకెల్ అంటారు. వాలంటీర్‌ను పశ్చిమ ఒడిశా నుంచే తెచ్చుకోమనేది అందుకే. గణిత, పాఠ, ప్రశ్న, ఉత్తర లాంటి మాటలు రెండు భాషల్లోనూ ఉన్నాయి. తెలుగు టీచర్ వాటితో మొదలుపెట్టవచ్చు.

సమన్వయకర్త: మేడం, అందరూ తిరిగి వెళ్లరు. హైదరాబాద్ చుట్టూ భవన నిర్మాణంలో ఏడాదంతా ఉండిపోయేవాళ్లున్నారు. వాళ్లకు ఒడియా క్లాసు పెడితే ఇక్కడి హైస్కూలు తలుపు మూసినట్టే.

శిక్షకురాలు: ఒప్పుకుంటాను. అందుకే చేర్చేటప్పుడే అడగాలి, వచ్చే ఏడాది ఎక్కడుంటారని. ఉండిపోయేవాళ్లకు మొదట ఇంటి భాషలో చదవడం కుదిర్చి, రోజూ ఒక గంట తెలుగు మాటలతో మొదలుపెట్టి, తర్వాత లిపి.

వ్యాఖ్యాత: హాజరు ఎందుకు పడిపోతుంది?

సమన్వయకర్త: కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని. అడ్వాన్సు తీరాలంటే ఇంట్లో ప్రతి చెయ్యీ కావాలి. పచ్చి ఇటుకలు ఆరడానికి తిప్పే పని పిల్లల మీద పడుతుంది. తేలికగా ఉంటారు, ఇటుక విరగదని. ఇది బాల కార్మిక పనే, దీన్ని ఆపకుండా టీచర్‌ను హాజరెందుకు లేదని నిలదీస్తే లాభం లేదు. మధ్యాహ్న భోజనం బట్టీ దాకా వెళ్లాలి. ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. దగ్గరి బడి వంటలో ఆ లెక్క కలపకపోతే ఉన్నదే పంచుతారు, అందరికీ తక్కువవుతుంది.

వ్యాఖ్యాత: తిరిగి వెళ్లేటప్పుడు?

న్యాయవాది: ఎక్కువగా జారిపోయేది అక్కడే. మన బడులు ఏప్రిల్‌లో మూస్తారు, కుటుంబం కదిలేది మే ఆఖర్లోనో, జూన్‌లోనో. అప్పటికి పిల్ల చదువు వివరాల కాగితం ఇచ్చేవాళ్లు బడిలో ఉండరు. సెలవులకు ముందే తల్లి చేతిలో పెట్టాలి. ఎన్ని రోజులు వచ్చింది, ఏ స్థాయికి చేరింది, ఏ పాఠం వరకు అయింది రాసి, ఊళ్లో బడి పేరు, హెడ్‌మాస్టర్ ఫోన్ నంబర్ చేర్చాలి. ఫోన్‌లో ఫొటో ముందే పంపాలి.

వ్యాఖ్యాత: తెలుగులోనేనా ఆ కాగితం?

శిక్షకురాలు: వద్దండీ, ఒడియాలో. వాలంటీర్ రాస్తారు, మన హెడ్‌మాస్టర్ ముద్ర వేస్తారు. తెలుగులో ఇస్తే అక్కడ చదివేవాళ్లుండరు, పిల్లను మళ్లీ ఒకటో తరగతి బల్ల మీద కూర్చోబెడతారు.