బండి సెల్ఫ్ తీసుకోవట్లేదా? కొత్త బ్యాటరీ కొనేముందు ఈ చౌక మీటర్ పెట్టి చూడండి

నమస్తే అండి. ఈరోజు రివ్యూ డిజిటల్ మల్టీమీటర్ మీద, అంటే వోల్టేజ్ లాంటివి కొలిచే మీటర్. డీటీ-830డీ అంటారు దీన్ని, ఏ ఎలక్ట్రికల్ షాపుకెళ్లినా రెండు మూడు వందలకు దొరికే పసుపు రంగు మీటర్. కారు స్టార్ట్ కానప్పుడు ఇది నిజంగా పనికొస్తుందా, లేక కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లను ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఓబీడీ స్కానరే కొనాలా అని చాలామంది అడుగుతున్నారు. నా మాటైతే, ముందు ఇదే కొనండి.

ఎందుకో ఈ బండి మీదే చూపిస్తాను. పెట్రోల్ కారు. న్యూట్రల్‌లో ఉంది, హ్యాండ్‌బ్రేక్ వేసే ఉంది. తాళం తిప్పుతున్నా, వినండి... టక్. అంతే. డాష్‌బోర్డు లైట్లన్నీ ఒక్కసారి ఆరి మళ్లీ వెలిగాయి. ఈ లక్షణం చెబితే పదిమందిలో తొమ్మిదిమంది "బ్యాటరీ పోయింది, మార్చెయ్" అంటారు. నాలుగైదు వేల మాట అది.

మీటర్ డయల్‌ని డీసీ వోల్టుల వైపు 20 మీద పెట్టండి. నల్ల వైరు కామ్ అని ఉన్న రంధ్రంలో, ఎర్రది దాని పక్కన వోల్ట్స్ అని ఉన్నదాంట్లో. 10 యాంప్స్ అని రాసిన రంధ్రంలో మాత్రం పెట్టొద్దు. దానికి ఫ్యూజ్ కూడా లేదు, ఆ మాట మీటర్ మీదే రాసుంటుంది. అలా పెట్టి బ్యాటరీకి ఆనిస్తే నేరుగా షార్ట్ కొట్టినట్టే.

బ్యాటరీ మీద 12.5 చూపిస్తోంది. నిండా చార్జ్ ఉంటే 12.6 దగ్గర ఉంటుంది, 12.2కి వచ్చిందంటే సగమే ఉన్నట్టు, 12 లోపుకి దిగితే దాదాపు ఖాళీ. ఇప్పుడే తిరిగొచ్చిన బండైతే ఒక నిమిషం హెడ్‌లైట్లు వేసి, ఆర్పి, అప్పుడు చూడండి. లేకపోతే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

సరే, 12.5 ఉంది కాబట్టి బ్యాటరీ బాగున్నట్టేనా? కాదు. బరువు పడితే గానీ బ్యాటరీ సంగతి తెలియదు. మా వాడు లోపల సెల్ఫ్ కొడతాడు, మీరు అంకె చూడండి. కొట్టరా... 12.4. చూశారా, కదల్లేదు! బ్యాటరీ పోయి ఉంటే ఇక్కడ తొమ్మిదికో ఎనిమిదికో పడిపోవాలి. పడలేదంటే అసలు దాన్నుంచి కరెంటే బయటికి పోవట్లేదు.

కెమెరా దగ్గరికి తెస్తున్నా. ఇప్పటిదాకా ప్రోబులు, అంటే మీటర్ వైర్ల మొనలు, పెట్టింది బ్యాటరీ టెర్మినళ్లైన ఈ సీసపు గుబ్బల మీద. ఎర్రది అలాగే ఉంచి, నల్లదాన్ని గుబ్బ మీంచి తీసి దానికి బిగించిన క్లాంపు మీద పెడుతున్నా. రెండింటికీ మధ్య వెంట్రుకవాసి దూరం. మళ్లీ కొట్టరా... 3.8! గుబ్బకీ క్లాంపుకీ మధ్యే ఎనిమిది వోల్టులకు పైగా తినేస్తోంది. 0.2 దాటితేనే అనుమానించాలి. క్లాంపు విప్పితే లోపల ఇదిగో, తెల్లగా చిలుము పట్టి ఉంది. పైనుంచి చూస్తే ఏమీ కనపడలేదు.

విప్పేటప్పుడు ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్. వేడినీళ్లు పోసి, తుడిచి, గరుకు కాగితంతో రుద్ది బిగించాం. ఇప్పుడు... స్టార్ట్ అయింది. తిరిగేటప్పుడు 10.6 దాకా దిగింది, అది 9.6 పైన ఉంటే చాలు. ఇంజిన్ నడుస్తుంటే 14.2 ఉంది, అంటే మన మెకానిక్‌లు డైనమో అనే ఆల్టర్నేటర్ కూడా బాగానే ఉంది. కొత్త బ్యాటరీ ఖర్చు తప్పింది.

ఓబీడీ స్కానర్ ఈ కేసులో ఏమీ చెప్పేది కాదు. చిలుముకి కోడ్ ఉండదు కదా! సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతే మాత్రం దాని అవసరం వస్తుంది. సెల్ఫ్ కొడుతుంటే ఆర్‌పీఎమ్ సున్నా చూపిస్తే ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సార్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. బయటి నుంచి కరెంటిచ్చి బండి స్టార్ట్ చేయించే జంప్ స్టార్టర్ ఇంటికి చేరుస్తుంది, జబ్బేంటో చెప్పదు.

ఇక ఈ మీటర్‌లో నాకు నచ్చనివి. వైర్లు మరీ సన్నం, రెండుసార్లు గట్టిగా లాగితే ఊడొచ్చేలా ఉన్నాయి. డిస్‌ప్లేకి లైటు లేదు, రాత్రిపూట రోడ్డు పక్కన ఫోన్ టార్చ్ పట్టుకోవాల్సిందే. ఆర్పడం మర్చిపోతే లోపలి 9 వోల్టుల బ్యాటరీ అయిపోతుంది. అన్నిటికన్నా పెద్ద లోపం, అంకె నెమ్మదిగా మారుతుంది. సెల్ఫ్ కొట్టిన తొలి క్షణంలో వోల్టేజ్ ఎంత కిందికి దిగిందో పట్టుకోలేదు, అందుకే రెండు మూడు సెకన్లు కొట్టి చూడాలి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు కేబుళ్ల జోలికి దీనితో అస్సలు వెళ్లొద్దు.

పక్కన మనిషి లేకపోతే ప్రోబుల చివర మొసలి క్లిప్పులు తగిలించి, ఫోన్‌లో మీటర్‌ని వీడియో తీస్తూ మీరే సెల్ఫ్ కొట్టండి. తర్వాత ఆ వీడియో ఆపి ఆపి చూసుకోవచ్చు.