కారం పొడి యూనిట్ పెట్టాలనుకునే డ్వాక్రా సభ్యులకి: ముందు లెక్క, తర్వాత లోను

[తెర మీద: కాటా మీద ఎండుమిర్చి బస్తా, పక్కన ఖాళీ స్టీలు డబ్బా]

పది కిలోల ఎండుమిర్చి మర పట్టిస్తే ఎన్ని కిలోల కారం చేతికొస్తుంది? "పది" అని ఠక్కున చెప్పారా? అయితే లోను అప్లికేషన్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి.

డ్వాక్రా గ్రూపులో ఉండి కారం, మసాలా పొడుల వ్యాపారం పెట్టాలనుకునేవాళ్ళ కోసం ఈ వీడియో. శిక్షణ ఉచితంగానే దొరుకుతుంది. తిరిగితే అప్పూ పుడుతుంది. చిన్న యూనిట్లు దెబ్బతినేది ఎక్కువగా కిలోకి ఎంత పడుతోందో తెలియకపోవడం వల్ల, డబ్బు షాపుల దగ్గర ఇరుక్కుపోవడం వల్ల.

[తెర మీద: శిక్షణ కేంద్రం తరగతి గది]

ముందు శిక్షణ సంగతి. పల్లె యువతకి స్వయం ఉపాధి నేర్పడానికి బ్యాంకులు నడిపే ఆర్‌సెటీ కేంద్రాల్లో అప్పడాలు, పచ్చళ్ళు, మసాలా పొడుల కోర్సు పది రోజులు ఉంటుంది. ఉండటం, భోజనం అక్కడే, పైసా కట్టక్కర్లేదు. బ్యాచ్‌కి 25 నుంచి 35 మంది. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటీ అనే శిక్షణ సంస్థ నమూనాలోనే ఇవి నడుస్తున్నాయి. మీ గ్రామ సంఘంలో చెప్పినా, మండల సమాఖ్యలో ఏపీఎంని (అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్‌ని) అడిగినా తర్వాతి బ్యాచ్ ఎప్పుడో చెప్తారు.

అక్కడ కాగితం పడవల ఆట ఒకటి ఆడిస్తారు. చిన్నపిల్లల ఆటలా ఉందని తేలిగ్గా తీసుకోకండి. ఎన్ని పడవలు చేయగలరో మీరే చెప్పి, అన్ని కాగితాలు కొనాలి. గంట కొట్టాక కొనేవాడు వచ్చి మడత సరిగ్గా లేనివి పక్కన పడేస్తాడు. ఎక్కువ కాగితాలు కొన్నవాళ్ళు, హడావిడిగా మడిచినవాళ్ళు నష్టపోతారు. కోర్సు అయ్యాక రెండేళ్ళ పాటు కేంద్రం వాళ్ళు మీ వ్యాపారం ఎలా ఉందో కనుక్కుంటూ ఉండాలి. వాళ్ళు రాకపోతే మీరే ఫోన్ చేయండి.

పల్లెల్లో చిన్న వ్యాపారాలు పెట్టించే ప్రభుత్వ స్టార్టప్ విలేజ్ కార్యక్రమం నడిచే మండలాల్లో సీఆర్పీ-ఈపీలు, అంటే వ్యాపారానికి దారి చూపే కార్యకర్తలు కూడా ఉంటారు. వీళ్ళు సంఘాల కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళే. మీ పక్కన కూర్చుని వ్యాపార ప్రణాళిక రాయిస్తారు, ఖాతా పుస్తకం చూస్తారు. వాళ్ళు లేని చోట ఆ లెక్క మీరే వేసుకోవాలి. అదిప్పుడు వేద్దాం.

[తెర మీద: నోటు పుస్తకం, ఒక్కో అంకె చేత్తో రాస్తూ]

రేట్లు ఉదాహరణకే, మీ ఊరి రేట్లు వేసుకోండి. మిర్చి కిలో 200 చొప్పున పది కిలోలు, 2,000 రూపాయలు. తొడిమలు తీస్తే 600 గ్రాములు పోయింది. ఎండలో తేమ 500 గ్రాములు. మరలో, జల్లెడలో ఇంకో 200. మిగిలింది 8 కిలోల 700 గ్రాములు. అంటే కిలో కారానికి మిర్చి ఖర్చే 230.

తొడిమలు తీసిన కూలి 150, కిలోకి 17. మర కూలి కిలోకి 20. పావుకిలో కవర్లు నాలుగు, లేబుల్‌తో కలిపి 20. ఆటో, సీలింగ్ కరెంటు 12. ఇక మీరు చేసిన మూడు గంటల పని, గంటకి 60 చొప్పున, కిలోకి 21. ఇంట్లో మనిషికి కూలేంటి అనకండి, రేపు మీకు జ్వరం వస్తే ఆ పనికి ఇంకొకళ్ళని పెట్టుకోవాల్సిందే. మొత్తం 320.

తరుగు, కూలీలు వదిలేసి మిర్చి 200, మర 20, కవర్లు 20 అని వేసుకున్నామె 240 అనుకుంటుంది. 300కి అమ్మి 60 మిగిలిందని సంతోషపడుతుంది. నిజానికి కిలోకి 20 పోగొట్టుకుంటోంది.

[తెర మీద: కిరాణా షాపు కౌంటర్]

షాపువాడికి ఇరవై శాతం వదలాలనుకోండి. ఎమ్మార్పీ 400 పెడితే మీకొచ్చేది 320, లాభం సున్నా. 440 పెడితే, అంటే పావుకిలో 110, మీ చేతికి 352, లాభం 32.

వారానికి 20 కిలోలు వేస్తూ షాపువాళ్ళు నెల రోజులకి డబ్బిస్తే, 80 కిలోల సరుకు బయటే ఉంటుంది. మీ కూలి తీసేసినా దాదాపు 24 వేలు చేతిలోంచి పెట్టి కూర్చోవాలి. ఇది పెట్టుబడిలో రాసుకోని యూనిట్ రెండో నెలలో మిర్చి కొనడానికి తడుముకుంటుంది. కొత్త షాపుకి పాత బిల్లు తీరాకే రెండో సరుకు వేయండి. మొహమాటపడితే నష్టం మీదే.

[తెర మీద: కళ్ళంలో ఎండుతున్న మిర్చి]

తయారీలో కొన్ని జాగ్రత్తలు. తాలు కాయలు, అంటే రంగు పోయి తెల్లబడినవి ఏరేయండి. చవగ్గా వస్తాయని కలిపితే కారం పాలిపోతుంది, బూజు విషం కూడా చేరొచ్చు. మిర్చిని నేల మీద కాకుండా టార్పాలిన్ మీద, కాయ విరిస్తే పెళపెళలాడేదాకా ఎండబెట్టండి. తేమ ఉంటే మరలో ఉండకడుతుంది, ప్యాకెట్లో బూజు పడుతుంది. మర వేడెక్కితే రంగు, వాసన రెండూ పోతాయి, అందుకే ఆపి ఆపి పట్టించండి. ఊరి మరలో మీకంటే ముందు పసుపో పిండో పట్టి ఉంటారు. మొదట పడిన అరకిలో ఇంటికి వాడుకోండి, ప్యాకెట్లో వేయకండి. ఘాటుకి తేజ రకం మిర్చి, రంగుకి బ్యాడిగి రకం కలుపుకోవచ్చు. విడిగా రంగు మాత్రం కలపకూడదు, చట్టం ఒప్పుకోదు. నూనె రెండు శాతం దాకా కలపొచ్చు, ఏ నూనె ఎంత అన్నది లేబుల్ మీద రాయాలి.

[తెర మీద: బ్యాంకు కౌంటర్]

ఇప్పుడు లోను. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో సంఘ సభ్యురాలికి మూలధనంగా 40 వేల దాకా ఉంది. పైన చెప్పిన 24 వేల ఇబ్బందికి సరిగ్గా పనికొచ్చేది ఇదే. సమాఖ్య ద్వారా వస్తుంది, సభ్యురాలు తిరిగి కట్టాలి. సొంత యూనిట్‌కి అయితే ఖర్చులో 35 శాతం సబ్సిడీ, పది లక్షలకి మించకుండా. మీ వాటా కనీసం పది శాతం. ఈ పథకానికి గడువు ఉంది కాబట్టి ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లాలో కనుక్కోండి.

సొంత మరతో ఆరు లక్షల యూనిట్ అనుకుందాం. మీ వాటా 60 వేలు, బ్యాంకు లోను 5.40 లక్షలు, సబ్సిడీ 2.10 లక్షలు. ఆ సబ్సిడీ మీ చేతికి రాదు. బ్యాంకులోనే విడి ఖాతాలో మూడేళ్ళుంటుంది, లోను సక్రమంగా కడుతుంటేనే సర్దుబాటవుతుంది. అంతదాకా ఆ భాగం మీద వడ్డీ వేయరు. సబ్సిడీ పోనూ మీరు తీర్చాల్సింది 3.30 లక్షలు. అయిదేళ్ళనుకుంటే అసలే నెలకి 5,500, వడ్డీ వేరు. నెలకి 80 కిలోల మీద మీ లాభం, కూలి కలిపి వచ్చేది 4,240.

అందుకే మా మాట: నెలకి 200 కిలోలు నిలకడగా అమ్ముడుపోయేదాకా సొంత మర ఊసెత్తకండి, కూలికే పట్టించండి.

అప్లికేషన్ నింపిపెట్టడానికి జిల్లా రిసోర్స్ పర్సన్ ఉంటారు. లోను మంజూరైతే వాళ్ళకి పారితోషికం ప్రభుత్వమే ఇస్తుంది. మీరెవరికీ కమిషన్ ఇవ్వక్కర్లేదు. గ్రూపు లోను బకాయి ఉంటే ముందు అది తీర్చండి, బ్యాంకు మొదట చూసేది అదే.

[తెర మీద: పావుకిలో ప్యాకెట్ వెనక వైపు]

ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ తీసుకుంటే 14 అంకెల నంబరు వస్తుంది, అది లేకుండా ప్యాకెట్ అమ్మకూడదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉచితం. ప్యాకింగ్ మొదలెట్టిన 90 రోజుల్లోపు తూనికలు కొలతల శాఖలో ప్యాకర్‌గా నమోదవ్వాలి. లేబుల్ మీద సరుకు పేరు, నికర బరువు, ఎమ్మార్పీ, తేదీలు, బ్యాచ్ నంబరు, మీ చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, ఆకుపచ్చ చుక్క ఉండాలి. రంగుల కవర్లు పది వేలు ఒకేసారి అచ్చు వేయించకండి. మిర్చి రేటు మారితే ఎమ్మార్పీ మారుతుంది. మామూలు కవర్ల మీద 500 స్టిక్కర్లతో మొదలెట్టండి.