చలికాలంలో ఆకలి మాట వినండి

అందరికీ నమస్కారం.

చలికాలం ఆరోగ్యం అనగానే జలుబు, దగ్గు, కషాయాల ప్రస్తావన వస్తుంది. నేను మాత్రం ఆకలితో మొదలుపెడతాను. ఎందుకంటే ఆయుర్వేదం లెక్కలో ఇది జబ్బుల కాలం కాదు, ఒంట్లో సత్తువ ఉండే కాలం. ఆయుర్వేద మూలగ్రంథాలైన చరక సంహిత సూత్రస్థానం 6వ అధ్యాయంలోనూ, వాగ్భటుడి అష్టాంగహృదయం సూత్రస్థానం 3వ అధ్యాయంలోనూ ఋతుచర్య, అంటే ఏ ఋతువులో ఎలా తినాలి, ఎలా ఉండాలి అన్నది ఉంటుంది. మనిషికి బలం బాగా ఉండేది హేమంత, శిశిర ఋతువుల్లోనేనని రెండూ చెప్తాయి. హేమంతం అంటే మార్గశిర, పుష్య మాసాలు. శిశిరం అంటే మాఘ, ఫాల్గుణాలు. సత్తువ బాగా సన్నగిల్లేది ఎండాకాలం చివర, వానాకాలం మొదట్లో.

ఎందుకలా? బయటి చలికి ఒంట్లోని వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. కుమ్మరి ఆవానికి పైన మట్టి మెత్తితే లోపల సెగ ఎలా పెరుగుతుందో, జఠరాగ్ని, అంటే తిన్నది అరిగించే కడుపులోని వేడి, అలా రాజుకుంటుంది. దానికి తగ్గ తిండి పడకపోతే అది ఒంట్లోని సారాన్నే తినేస్తుందని, దాంతో వాతం, అంటే ఆయుర్వేదం చెప్పే మూడు దోషాల్లో ఒకటి, ప్రకోపిస్తుందని చరకుడు అంటాడు. చర్మం పొడిబారడం, పెదవులు, మడమలు పగలడం, పొద్దున లేవగానే కీళ్లు పట్టేయడం, మలబద్ధకం, సరిగ్గా నిద్ర పట్టకపోవడం... ఇవన్నీ మా ఆయుర్వేద వైద్యులం వాతం ఖాతాలో వేసేవే.

అందుకే హేమంతంలో చేయకూడనివాటిలో చరకుడు ఒక చిత్రమైన విషయం చేర్చాడు: చాలీచాలకుండా తినడం. ఇప్పుడు జరుగుతున్నది చూడండి. జనవరి 1 రాగానే డైట్ మొదలు. అన్నం బంద్, నెయ్యి బంద్, పొద్దున్నే చల్లటి జ్యూసు, రాత్రికి పచ్చి కూరగాయల ముక్కలు. బరువు తగ్గాలనుకోవడం మంచిదే. కానీ ఆకలి బాగా వేసే కాలం చూసి మరీ కడుపు మాడ్చుకోవడం నాకు మింగుడుపడదు.

మరి ఏం తినాలి? వేడివేడిగా, కాస్త నెయ్యో నూనో తగిలిన తిండి. రుచుల్లో తీపి, పులుపు, ఉప్పు. కొత్త బియ్యం, గోధుమ, మినుములు, నువ్వులు, బెల్లం, పాలు. అలవాటున్నవాళ్లకు మాంసం కూడా. తాగడానికి గోరువెచ్చని నీళ్లు. చలికి దాహం వేయదు కదా అని నీళ్లు తగ్గించేస్తే మలబద్ధకం ఇంకా ముదురుతుంది. వాగ్భటుడు ఇంకో చక్కటి సంగతి గమనించాడు: రాత్రులు పొడవు కాబట్టి ఈ కాలంలో పొద్దున్నే ఆకలేస్తుంది. టిఫిన్ మానేసి టీతో సరిపెట్టుకునేవాళ్లు ఈ మాట పట్టించుకోవాలి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఈ భోజనం ఎవరికి? బాగా తిరిగేవాళ్లకి, ఒళ్లు వంచేవాళ్లకి. పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని, గదిలో హీటర్ వేసుకునేవాళ్లకి జఠరాగ్ని దానంతటదే రాజుకుంటుందని నేను హామీ ఇవ్వలేను. కాబట్టి పుస్తకంలో ఏముందని కాదు, మీ కడుపు ఏమంటోందని చూడండి. ముందు తిన్నది అరిగిందనడానికి శాస్త్రం గుర్తులు చెప్పింది. త్రేన్పులో తిన్నదాని వాసన ఉండదు. ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, హుషారుంటుంది, విరేచనం సాఫీగా అవుతుంది. ఆకలి, దాహం నిజంగా వేస్తాయి. ఇవి ఉంటే నువ్వులుండ నిశ్చింతగా తినండి. పొద్దున లేచేసరికి నాలుక మీద తెల్లగా మందంగా పేరుకుని, కడుపు బరువుగా ఉంటే ఆ పూట నెయ్యి జోలికి పోవద్దు. కాస్త శొంఠి వేసిన పల్చటి జావ చాలు. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం, చెరకు సంగతి మీ డాక్టరును అడక్కుండా నా మాట మీద మొదలుపెట్టకండి.

ఇక అభ్యంగనం, అంటే ఒంటికి నూనె రాసుకోవడం. చలికాలంలో ఒక్కటే చేయగలం అంటే నేను దీన్నే చేయమంటాను. నువ్వుల నూనె మంచిది, వాతాన్ని తగ్గిస్తుంది. నూనెను నేరుగా పొయ్యి మీద కాచకండి. చిన్న గిన్నెలో పోసి, ఆ గిన్నెను వేడినీళ్లలో పెడితే చాలు, చేతికి హాయిగా తగిలేంత వెచ్చనవుతుంది. చేతులకూ కాళ్లకూ నిలువుగా, కీళ్ల దగ్గర గుండ్రంగా, పొట్ట మీద తేలిగ్గా రాయండి. తల, చెవులు, అరికాళ్లు ముఖ్యమని వాగ్భటుడు ప్రత్యేకంగా చెప్పాడు. ఒళ్లంతా కుదరని రోజు అరికాళ్లకైనా రాసుకోండి. తర్వాత సున్నిపిండితో నలుగు పెట్టుకుని స్నానం చేయండి. వేడినీళ్లు మెడ కిందికే. తల మీద బాగా వేడినీళ్లు పోస్తే జుట్టుకూ కళ్లకూ మంచిది కాదని అష్టాంగహృదయమే అంటుంది. జలుబు, జ్వరం, అజీర్ణం ఉన్నప్పుడు అభ్యంగనం వద్దు. నూనె కాళ్లతో బాత్రూంలో జారిపడతారు, పెద్దవాళ్లు ఒక చాప వేసుకోండి. ఇది శాస్త్రంలో లేదు కానీ నేను చెప్పక తప్పదు.

కషాయాల మాటకొస్తే, 2020లో కరోనా సమయంలో ఆయుష్ మంత్రిత్వ శాఖ తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్షతో కషాయం రోజుకు ఒకటి రెండుసార్లు తాగమంది. చాలామంది దాన్ని మంచినీళ్లలా తాగి నోరు పూచిందని, కడుపులో మంట అని వచ్చారు. నిజానికి శిశిరంలో కారం, చేదు, వగరు తగ్గించమనే చరకుడు చెప్పాడు. జలుబు చేసినప్పుడు మిరియాల పాలు మందు, రోజూ నాలుగు పూటలా తాగేది కాదు. చ్యవనప్రాశ ఉసిరికాయల లేహ్యం, మంచిదే. అయితే అందులో తీపి ఉంటుందని గుర్తుంచుకోండి. తేనెను మాత్రం మరిగే నీళ్లలో కలపకండి, వేడి చేసిన తేనె తగదని చరకుడి మాట.

వ్యాయామానికి ఇదే అదను. ఎంత చేయాలి? మీ శక్తిలో సగం. నుదుటి మీద చెమట పట్టి, నోరు ఎండుతున్నట్టనిపిస్తే ఆపేయండి. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. గుండెజబ్బు, బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లు తెల్లవారుజామున మంచులో నడవడం మానేసి, ఎండ వచ్చాక వెళ్లండి. ఎండ కాగడం కూడా ఋతుచర్యలో భాగమే. మధ్యాహ్నం కునుకు మాత్రం మానాలి, అది కఫాన్ని పెంచుతుంది. ఆయాసం, ఛాతీలో నొప్పి, తగ్గని జ్వరం ఉంటే ఇంటి వైద్యం కాదు, ఆసుపత్రి.

చివరగా ఒక్క సంగతి. చలికాలంలో తిన్న తీపి, నెయ్యితో పేరుకున్న కఫం వసంతంలో ఎండకి కరుగుతుంది. ఆ రోజుల్లో జలుబులు, ఆకలి మందగించడం అందుకే. కాబట్టి ఋతువు ముగిసే చివరి 7 రోజులు, కొత్త ఋతువు మొదటి 7 రోజులు పాత అలవాటును కొంచెం కొంచెంగా వదులుతూ, కొత్తదాన్ని కొంచెం కొంచెంగా పట్టుకోవాలి. ఫాల్గుణం ఆఖరి వారం నుంచే మినపసున్ని, నెయ్యి తగ్గించుకుంటూ రండి. ఒక్కరోజులో మానేయకండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.