ఫైలు మనది, తాళం ఎవరిది?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదికమీది పెద్దలకు, సాహితీ మిత్రులకు నమస్కారం. పేరుపేరునా పలకరిస్తూ పోతే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే సరిపోతాయి కనుక మన్నించాలి. కార్యదర్శిగారు ఇచ్చిన అంశం ‘గ్రంథాలయాలలో కంప్యూటర్ల వినియోగం’. అందులో ఒక్క ముక్కే తీసుకుంటాను: మన సంస్థలు, మనమూ రాతకోతలకు లిబ్రేఆఫీస్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు, అంటే మూల ప్రోగ్రామును ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌కు, ఎందుకు మారాలన్నది.

ఉచితం కనుక మారమని చెప్పను. డబ్బు పెట్టి కొన్న ఆఫీసు సాఫ్ట్‌వేరు ఎన్ని సంఘాలలో ఉందో చేతులెత్తమంటే ఈ హాలులో ఎన్ని చేతులు లేస్తాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. లైసెన్సు లేని కాపీ కూడా మనకు ఉచితంగానే వస్తోంది.

నా బాధ వేరు. మా సంస్థ 2003లో రజతోత్సవ సంచిక వేసింది. మా ఊరి పెద్దలు పదకొండుమంది చెప్పగా రాసుకున్న జ్ఞాపకాలు అందులో ఉన్నాయి. వారిలో ఈనాడు ఒక్కరూ లేరు. అచ్చు ప్రతులకు చెదలు పట్టినా, పేజీలు అమర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరులో చేసిన ఫైళ్లు సీడీలో ఉన్నాయన్న ధీమాతో ఉన్నాం. 2019లో పునర్ముద్రణకని సీడీ తీస్తే, వాటిని తెరిచే సాఫ్ట్‌వేరు మాకు అందుబాటులో ఉన్న ఏ కంప్యూటరులోనూ లేదు; దాని అభివృద్ధి 2004లోనే ఆగిపోయింది. డీటీపీ చేసిన కుర్రవాడు ఆ పని మానేసి ఎటో వెళ్లిపోయాడు. చివరికి ఆ ఫైళ్లను తెరిచింది లిబ్రేఆఫీస్. పేజ్‌మేకర్ ఫైళ్లను చదివే సదుపాయాన్ని 2015లో వచ్చిన 4.4 వెర్షన్‌లో చేర్చారు. అప్పటికే మూలనపడ్డ ఫైళ్ల కోసం ఎవరో కూర్చొని వాటి గుట్టు విప్పారంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

అయితే తెరుచుకున్న పేజీలో తెలుగు లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు. ప్రపంచ భాషల అక్షరాలకు వేర్వేరు సంకేతాలిచ్చే యూనికోడ్ అనే ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మన అచ్చుపని చాలాకాలం ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకు తెలుగు బొమ్మలు అతికించిన ఫాంట్లతోనే సాగింది. ఇది ఆఫీసు సాఫ్ట్‌వేరు దోషం కాదు కదా అని మీరు అడగవచ్చు. నిజమే, తప్పు మాదే. పని అప్పగించిననాడు ఏ రూపంలో దాస్తున్నారని అడగలేదు. యూనికోడ్‌లోకి మార్చుకొని, చెదిరిన ఒత్తులూ గుణింతాలూ దిద్దుకుంటూ ముగ్గురం నాలుగు నెలలు కూర్చున్నాం.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క ప్రయోగం చెప్పి ముగిస్తాను. లిబ్రేఆఫీస్‌లో తెలుగు వాక్యమొకటి రాసి, ఆ సాఫ్ట్‌వేరు మామూలుగా వాడే ఓడీటీ ఫైలుగా భద్రపరచి, ఫైలు పేరు చివర odt బదులు జిప్ (zip) అని మార్చి విప్పండి. లోపలి కంటెంట్ (content.xml) ఫైలును మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచినా మీ వాక్యం అక్షరం పోకుండా కనబడుతుంది. ఈ ఫైలు రూపానికి 2006లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ఆమోదం దొరికింది. 2010లో, ఈ రూపాన్నే వాడే ఓపెన్ఆఫీస్ అనే పాత సాఫ్ట్‌వేరు యాజమాన్యం చేతులు మారినప్పుడు, దానిపై పనిచేస్తున్నవారిలో చాలామంది అదే మూల ప్రోగ్రాముతో వేరుపడి లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు; ఎవరి ఫైళ్లకూ ఏమీ కాలేదు.

జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం దాదాపు 30,000 ప్రభుత్వ కంప్యూటర్లలో లిబ్రేఆఫీస్‌నే వాడాలని 2024లో నిర్ణయించింది. అదే దేశంలో మ్యూనిక్ నగరం ఏళ్లతరబడి ఓపెన్ సోర్స్ బాటలో నడిచి, 2017లో వెనక్కి మళ్లాలని తీర్మానించిన మాటా దాచను. మాక్రోలున్న, అంటే చిన్న ఆదేశాల వరుసలు దాచుకున్న, లెక్కల పట్టికలు లిబ్రేఆఫీస్‌లో మొరాయిస్తాయి, బయటివారు పంపిన ఫైళ్లలో పేజీల అమరిక చెదురుతుంది. అందుకే పాతదాన్ని తీసేయమనడం లేదు, రెండూ పక్కపక్కనే ఉండనివ్వండి. వచ్చే సమావేశం మినిట్సు మాత్రం యూనికోడ్ తెలుగులో, ఓడీటీలో రాయించండి. సంచిక వేయించినప్పుడు, డీటీపీ బిల్లు చెల్లించే ముందు యూనికోడ్ ప్రతిని అడిగి తీసుకోండి.

సభ ముగిశాక వెనుక వరుసలో లాప్‌టాప్‌తో కూర్చుంటాను. పాత సీడీలున్నవారు తీసుకురండి, తెరిచి చూద్దాం.